గది బయట పది నిమిషాలు

సర్కయోకి, 16 సెప్టెంబరు 1990

చెల్లీ వీర్పీ,

బస్సు డ్రైవరు చేతికి బకెట్టు ఇచ్చాను. అడవిలో నేనూ మీ బావా రెండు శనివారాలు నడుం వంచి ఏరిన ఎర్ర లింగన్ పళ్ళు. మూత మీద నీ పేరు రాశాను. గురువారం సాయంత్రం బస్టాండుకి వెళ్ళి తీసుకో. ఆఫీసులో కూర్చుని మరిచిపోకు. పోయిన ఏడాది బకెట్టు హెల్సింకి చూసి, పళ్ళతో సహా తిరిగొచ్చింది.

మీ బావ తౌనోకి నడుం నొప్పి తగ్గలేదు. అడవిలో చెట్లు నరికే మిషను ఎక్కడం మానవయ్యా అంటే "మానితే ఇంట్లో కూర్చుని రేడియోతో పోట్లాడాలి" అంటాడు. ఇప్పుడు రెండూ చేస్తున్నాడు.

అసలు సంగతికి వస్తాను. ఫ్యాక్టరీకి చలికాలపు తోలు వచ్చింది. అదే గోధుమరంగు, చీలమండ పైదాకా వచ్చే అదే ఆడవాళ్ళ బూటు, పక్కన జిప్పు, లోపల ఉన్ని. పద్నాలుగేళ్ళుగా అదే నమూనా, కళ్ళు మూసుకుని కుట్టగలను. జోయా ల్వోవ్నా కూడా సెలవులయ్యాక తిరిగొచ్చింది. మాస్కో కొనుగోలుదారుల తరఫున మన ఊళ్ళోనే ఉండి సరుకు పరీక్షిస్తుందే, ఆవిడ. ఇప్పటికీ ప్రతి వందో జతనీ పట్టుకుని, మడమదాకా చెయ్యి దూర్చి లోపలి కుట్టు తడుముతుంది. తల అడ్డంగా ఊపిందంటే ఆ పెట్టె మొత్తం వెనక్కే.

కానీ వసంతకాలం ఆర్డరు మీద ఇంకా సంతకాలు కాలేదట. ఎప్పుడూ జూన్ నడివేసవి పండుగ నాటికే అయిపోయేవి. మేనేజర్ సోయిని "ఆలస్యం, అంతే" అంటాడు. అంటాడు గానీ, ఈమధ్య మెట్లు ఎక్కేటప్పుడు ఈల వెయ్యడం మానేశాడు.

పోయిన మంగళవారం ఇంకొకాయన వచ్చాడు. ఇక్కడికి ఎనభై కిలోమీటర్ల దూరంలో కార్ల సీట్లకి తోలు తొడుగులు కుట్టే ఫ్యాక్టరీ ఉంది, అక్కడి ఫోర్‌మన్. బూటు పైభాగం కుట్టే మా వరస మొత్తం, పందొమ్మిది మందిమీ కలిసి వస్తే తీసుకుంటాడట. విడివిడిగా అయితే వద్దట. రోజూ బస్సు పెడతాడు. నవంబరు ఆఖరులోగా చెప్పాలి. ఇర్మెలి తల్లి మంచంలో ఉంది. రౌహకి ముగ్గురు పిల్లలు. తెల్లవారకుండా బస్సెక్కి చీకటి పడ్డాక దిగడం ఎవరికీ సరదా కాదు. కానీ ఇక్కడ పని ఆగిపోయేదైతే అందరూ వెళ్తారు.

వరసకి పెద్దని కాబట్టి అందరూ నా మొహమే చూస్తున్నారు. నేను చెప్పేశాను: "మాస్కోతో ఆ ఒప్పందాలు రాసే వాణిజ్య శాఖలోనే మా వీర్పి కూర్చునేది. ఏదైనా ఉంటే నాకు చెప్పకుండా ఉంటుందా?" అమ్మ పోయినప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. అప్పట్నించి నువ్వు నా దగ్గర దాచింది ఒక్కటే, లెక్కల పరీక్ష తప్పడం. అదీ రెండు రోజులే దాచగలిగావు.

ఉండమంటావా, వెళ్ళమంటావా? ఒక్క మాట చాలు.

నీ అక్క
ఐలి


హెల్సింకి, 25 సెప్టెంబరు 1990

అక్కా,

బకెట్టు అందింది. ఈసారి ట్రాములో ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చాను. ఎదురు సీట్లో పెద్దాయన దారి పొడుగునా దాన్నే చూసి, దిగేముందు "ఎక్కడివి?" అన్నాడు. "తూర్పువి" అన్నాను. టోపీ తీసి దిగిపోయాడు. ఈ ఊళ్ళో గత ఆర్నెల్లలో తనంతట తను నన్ను పలకరించిన మొదటి మనిషి.

మా ఆఫీసులో కాఫీ గంట కొట్టిందంటే ఒకటే తగువు: ప్రభుత్వం ఎంతవరకు కల్పించుకోవాలి? మా విభాగాధిపతి లాగుస్, "ప్రభుత్వం కల్పించుకోకపోతే ఈ దేశంలో పైను చెట్లు తప్ప ఏమీ మొలిచేవి కావమ్మా" అంటాడు. నేను ఒప్పుకోను. కోపం తెచ్చుకోకు గానీ అక్కా, పద్నాలుగేళ్ళుగా ఒకే బూటు! దాన్ని హెల్సింకిలో ఎవరైనా కొంటారా? రెండు ప్రభుత్వాలు బల్లకి చెరో పక్కా కూర్చుని ఇన్ని బూట్లకి ఇంత నూనె అని రాసుకుంటాయి. ఆ బూటు తొడుక్కోబోయే ఆడమనిషిని మాత్రం ఎవరూ అడగరు. అలాంటి వ్యాపారం మనుషులకి నిద్ర అలవాటు చేస్తుంది. నేను మీ శ్రమని తక్కువ చెయ్యడం లేదు, ఆ ఏర్పాటు గురించి మాట్లాడుతున్నాను.

నీ ప్రశ్నకి వస్తే, ఉద్యోగంలో చేరిన రోజే ఒక కాగితం మీద సంతకం పెట్టాను. లోపల విన్నది లోపలే ఉండాలి. ఏదైనా ఉందా లేదా అన్నది కూడా చెప్పకూడదు. కాబట్టి నేనేదో బళ్ళో పాఠాలు చెప్పుకుంటున్నాననుకుని, మీ అంతట మీరు ఆలోచించుకోండి. మీకు మేలేదో నాకన్నా మీకే బాగా తెలుసు. నిజంగానే అలా నమ్ముతాను.

బావని మిషను దిగమను.

వీర్పి


సర్కయోకి, 14 అక్టోబరు 1990

వీర్పీ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించకుండా ఉండాల్సింది. "నిద్ర అలవాటైందటగా మీకు? పొద్దున ఆరుగంటలకి నిన్ను లేపేది నేనే కదా, నాకు తెలీలేదే!" అని రెండు రోజులు వేళాకోళం చేశాడు.

ఆ బూటు హెల్సింకిలో ఎవరూ కొనరన్నావు. జిప్పు వంకర వచ్చిందని పక్కన పడేసిన జత తొడుక్కుని నువ్వు యూనివర్సిటీకి రెండు చలికాలాలు వెళ్ళావు. కాళ్ళు తడిశాయని ఒక్కరోజు రాయలేదు. పోనీలే. చదువుకున్నదానివి, పెద్ద పెద్ద మాటలు అలవాటయ్యాయి.

కానీ చదివాక నా మనసు కుదుటపడింది. అంత నింపాదిగా కూర్చుని బూట్ల నమూనా మీద ఉపన్యాసం రాశావంటే, ముంచుకొచ్చేది ఏమీ లేదన్నమాటే కదా. ఇల్లు అంటుకుంటే గోడల రంగు గురించి ఎవరు మాట్లాడతారు? రౌహతో అదే అన్నాను.

ఒక విచిత్రం చెప్పాలి. శనివారం జోయాని మా ఆవిరి స్నానానికి పిలిచాను, ఎప్పట్లాగే. పై మెట్టు మీద ఇద్దరమే కూర్చున్నాం. వేడికి మొహం ఎర్రబడి ఉంది. ఉన్నట్టుండి, ఆ వచ్చీ రాని మన భాషలో, "ఐలీ, సీట్ల పనికి వెళ్ళిపో. అందర్నీ తీసుకుని వెళ్ళు. ఎందుకని అడగకు" అంది. నేను నవ్వాను. "మా చెల్లెలు శాఖలో ఉంది జోయా, ఏమున్నా నాకు ముందే తెలుస్తుంది" అన్నాను. నా మొహంలోకి కాసేపు చూసింది. కాలుతున్న రాళ్ళ మీద ఇంకో గరిటెడు నీళ్ళు పోసింది. మా కుట్టులో ఏదో లోపం కనిపించి మమ్మల్ని మెల్లగా సాగనంపాలని చూస్తోందేమోనని నాకు అనుమానం. సోమవారం అన్ని పెట్టెలూ నేనే తనిఖీ చేశాను. ఒక్క దారం తప్పలేదు.

నీ అక్క
ఐలి


హెల్సింకి, 4 నవంబరు 1990

అక్కా,

జోయా ల్వోవ్నా ఎన్నో ఊళ్ళు, ఎన్నో ఫ్యాక్టరీలు చూసిన మనిషి. అంత అనుభవం ఉన్నవాళ్ళు ఒక మాట అన్నారంటే కాస్త ఆలోచించాలి అనిపిస్తుంది. మీ కుట్టులో లోపముందని ఆవిడ అని ఉండదు.

కార్ల సీట్ల పరిశ్రమ గురించి ఈమధ్య ఒక వ్యాసం చదివాను. పెరుగుతున్న రంగమట. మామూలుగా చూసినా, మనిషి ఇరవై ఏళ్ళు ఒకేచోట పనిచేస్తే చేతికీ మెదడుకీ మంచిది కాదంటారు. కొత్త చోటు కొత్త శక్తినిస్తుంది. బస్సు ప్రయాణం కూడా అలవాటైతే అంత కష్టమేమీ కాదు, అందరూ కలిసే కదా వెళ్తారు. ఇవన్నీ మామూలు మాటలే. ప్రత్యేకంగా ఏ ఉద్దేశంతోనూ అనడం లేదు.

నన్ను ఈమధ్య ఇంకో సంగతి పొద్దస్తమానం తినేస్తోంది. లిథువేనియా తాను స్వతంత్ర దేశమని చెప్పుకుని ఎనిమిది నెలలైంది. ఎస్తోనియా మనకి సముద్రం అవతలే, మాట్లాడితే సగం అర్థమయ్యే భాష. మన ప్రభుత్వం మాత్రం గొంతు సవరించుకుని ఊరుకుంటోంది. మాస్కోకి కోపం వస్తుందని! స్నేహితులతో కలిసి పత్రికకి ఉత్తరం రాశాను, నా పేరు పెట్టకుండా. ఇలాంటప్పుడు కల్పించుకోకపోతే ప్రభుత్వమన్నది ఇంకెందుకు?

నవంబరు ఆఖరని మరిచిపోకు.

వీర్పి


సర్కయోకి, 2 డిసెంబరు 1990

చెల్లీ,

అయిపోయింది, నిశ్చింత. బుధవారం కాఫీ గదిలో చేతులెత్తి తేల్చుకున్నాం. ఉండిపోవడానికే పందొమ్మిది చేతులూ లేచాయి. ఇర్మెలి చెయ్యి కాస్త ఆలస్యంగా లేచింది. "నీ మాట మీదే ఎత్తుతున్నా ఐలీ" అంది. "నా మాట కాదు, వీర్పి మాట" అన్నాను. సీట్ల ఫ్యాక్టరీ ఫోర్‌మన్ పేరుపేరునా అందరికీ చెయ్యి కలిపి వెళ్ళాడు. మరునాడే ఇంకో ఊళ్ళో కావలసినంతమందిని తీసుకున్నాడట.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాకే చెయ్యెత్తాను. వెళ్ళాల్సిన అవసరముంటే "అక్కా, వెళ్ళు" అని రాసేదానివి. కొత్త చోటు, కొత్త శక్తి అని డాక్టరుగారి గదిలో పడి ఉండే పత్రికల్లోలా రాశావు. ప్రత్యేకంగా ఏ ఉద్దేశమూ లేదని నువ్వే అన్నావు. నువ్వు అన్నావంటే అంతే.

జోయా మాత్రం వెళ్ళాల్సిన రోజుకన్నా నెల ముందే వెళ్ళిపోయింది. మాస్కో నించి రమ్మన్నారట. ఆరు కాఫీ పొట్లాలు కొనుక్కుని సూట్‌కేసులో సర్దుకుంది. ఎవరితోనూ చెప్పలేదు, మా గుమ్మం దాకా వచ్చి నా చెయ్యి చాలాసేపు పట్టుకుంది. ఏం మనిషో అర్థం కాదు.

మీ బావ నీకో మాట రాయమన్నాడు. చెప్పింది చెప్పినట్టే రాస్తున్నా: "పరాయివాళ్ళ కోసం ప్రభుత్వం నోరు విప్పాలంటుంది మరదలు. సొంతవాళ్ళ కోసం మాత్రం చేతులు కట్టుకు కూర్చోవాలంటుంది. నాకు దీన్ని తిరగేస్తేనే బాగుంటుంది. బయట నోరు మూసుకో, ఇంట్లో పని చూడు." నేనైతే ఆయనతోనే. కొనేవాడు అక్కడున్నప్పుడు గుమ్మం ముందు నిలబడి వాడినే తిడతామా?

క్రిస్మస్‌కి ఇరవై మూడున రా. పసిపిల్లలకి పెట్టే గుజ్జులా ఉంటుందని నువ్వు వెక్కిరించే ఆ తియ్యటి దుంప వంటకం ఈసారి రెండు గిన్నెలు చేస్తాను.

నీ అక్క
ఐలి


హెల్సింకి, 17 డిసెంబరు 1990

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసుకి తీసుకెళ్ళి, కోటు కూడా విప్పకుండా చదివాను.

క్రిస్మస్‌కి రాలేను. పని ఉంది. ఎందుకో నువ్వే రేపో ఎల్లుండో రేడియోలో వింటావు. నా నోటి నించి ముందుగా రాకూడదు.

ఒకటి మాత్రం బయటికి చెప్పదగ్గదే, పత్రికల్లో కూడా వస్తుంది. దెబ్బతిన్న ఫ్యాక్టరీలు జూన్ దాకా నిలదొక్కుకోవడానికి ప్రభుత్వం హామీ ఇవ్వబోతోంది. దరఖాస్తులు చూసే కమిటీకి నన్ను కార్యదర్శిగా వేశారు. ఇలాంటి సాయాల మీద నాకు నమ్మకం లేదని నీకు తెలుసు. అయినా సోయినితో చెప్పు: మొదటి విడత దరఖాస్తు జనవరి ఇరవైఐదులోగా పంపాలి. కొత్త సరుకు కుట్టగలమని, వేరే కొనుగోలుదారులు దొరుకుతారని చూపించాలి. పాత బూటు గురించి రాస్తే పక్కన పడేస్తారు.

బావకీ నీకూ పండుగ శుభాకాంక్షలు.

వీర్పి


సర్కయోకి, 20 జనవరి 1991

వీర్పీ,

రేడియోలో విన్నాం. ఏడాది ఆఖరుతో సరుకుకి సరుకు పద్ధతి పూర్తిగా ఆగిపోయిందని. ఇక మాస్కోవాళ్ళు కొనాలంటే డాలర్లు పెట్టి కొనాలట, వాళ్ళ దగ్గర డాలర్లు లేవట. మరునాడు కాఫీ గదిలో రౌహ నా ఎదురుగా కూర్చుని, "మీ చెల్లెలికి తెలిసుండదులే పాపం, పైవాళ్ళు చిన్నవాళ్ళకి చెప్పరు" అంది. అవునన్నాను. తెలిసుంటే చెప్పేదానివి.

నువ్వు కమిటీలో ఉన్నావని చెప్పాక కాస్త ప్రాణం వచ్చింది అందరికీ. "ఈసారి మనవాళ్ళు బల్ల దగ్గరే ఉన్నారు" అని ఇర్మెలి అందరికీ బన్నులు చేసి తెచ్చింది. నువ్వు వెక్కిరించావు చూడు, తొడుక్కునే ఆడమనిషిని ఎవరూ అడగలేదని? ఈసారి అడిగాం. రౌహ పెద్దకూతుర్నీ దాని స్నేహితుల్నీ కూర్చోబెట్టి ఏం కావాలో గీయించాం. ఎర్ర తోలు, పొట్టి మడమ, జిప్పు లేదు, లేసులు. నాలుగు ఆదివారాలు, కూలి మాట లేకుండా, పందొమ్మిది మందిమీ వచ్చి కుట్టాం. ఊళ్ళో ఎవరింటి కప్పు కూలినా అంతా కలిసి లేపినట్టే అనుకో. రౌహ తొడుక్కుని బల్ల మీదెక్కి నడిచింది. మీ బావ ఈల వేశాడు, ఆవిడ మొగుడు మీ బావ వైపు అదోలా చూశాడు. చాన్నాళ్ళకి నవ్వాం.

మొత్తం పది జతలు. చెక్కపెట్టెలో పెట్టి దరఖాస్తుతో పాటు పంపాం. కుట్టు గురించిన రెండు పేజీలూ సోయిని నన్నే రాయమన్నాడు. పెట్టె తెరిచినప్పుడు పై జత చేతిలోకి తీసుకుని లోపలికి చెయ్యి పెట్టి చూడమను వాళ్ళని. అంతకన్నా ఏం చెప్పక్కర్లేదు.

లిథువేనియా రాజధాని విల్నియస్‌లో ట్యాంకుల కింద జనం చచ్చిపోయారని విన్న రోజు మీ బావ రేడియోతో పోట్లాడలేదు. కట్టేసి, బయటికి వెళ్ళి కట్టెలు కొట్టాడు. నువ్వు చెప్పిన దాంట్లో సగం నిజమేనని నీకు రాయమన్నాడు. ఏ సగమో చెప్పలేదు.

నీ అక్క
ఐలి


హెల్సింకి, 10 ఫిబ్రవరి 1991

అక్కా,

ఈ ఉత్తరం ఇది నాలుగోసారి మొదలుపెట్టడం.

మీ దరఖాస్తు తిరస్కరించారు. అధికారిక కాగితం సోయినికి ఈ వారం వస్తుంది. ఎలా జరిగిందో నా నోటి నించే వినడం నీ హక్కు.

గురువారం పదకొండు దరఖాస్తులు కమిటీ ముందు చర్చకి వచ్చాయి. మీది ఏడోది. పేరు చదవగానే నేను లేచి, "ఈ ఫ్యాక్టరీలో మా అక్క పనిచేస్తుంది, కాబట్టి నేను ఇందులో పాల్గొనకూడదు" అని చెప్పి బయటికి వెళ్ళాను. బంధుత్వం ఉంటే గదిలో ఉండకూడదన్నది నియమం. లాగుస్ తల ఊపాడు. వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద ట్రాక్టరు మంచు తోడుతోంది. పది నిమిషాలకి తలుపు తెరిచి పిలిచారు. అప్పటికే ఎనిమిదో దరఖాస్తు బల్ల మీద ఉంది.

లోపల ఏం జరిగిందో తర్వాత తెలిసింది. దరఖాస్తులన్నీ చదివి సారాంశం చెప్పేది కార్యదర్శే. మీది చెప్పడానికి గదిలో ఎవరూ లేరు. నా బదులు ఇంకొకరిని ముందుగా పెట్టమని అడగాలని నాకు తట్టలేదు. నియమం ప్రకారం లేచి వెళ్తే చాలు, అంతా సరిగ్గా జరుగుతుందనుకున్నాను. మిగిలినవాళ్ళకి "సోవియట్ బూట్లు" అన్న మాట ఒక్కటే కనిపించింది. పెట్టె తెరవలేదు. గోడ వారన అలాగే ఉంది. ఆ తర్వాత తెరవబోయి ఆగిపోయాను, నేను ముట్టుకోకూడదు కదా అని.

ఉండి మాట్లాడి ఉంటే అది పక్షపాతం. అలాంటి దేశంలో బతకడం మనిద్దరికీ ఇష్టముండదు. నేను తప్పు చేశానని అనుకోలేకపోతున్నాను. చేయలేదని కూడా అనుకోలేకపోతున్నాను.

ఇప్పుడు అంతా బయటపడింది కాబట్టి ఇదీ చెప్పాలి. సరుకుకి సరుకు పద్ధతి ఆగిపోతుందని నాకు ఆగస్టు ఆఖరు నించే తెలుసు. నవంబరు ఉత్తరంలో చెప్పాలనే చూశాను. అంతకన్నా గట్టిగా చెప్పలేకపోయాను.

వీర్పి


సర్కయోకి, 24 ఫిబ్రవరి 1991

వీర్పీ,

ఆగస్టు.

బకెట్టు పంపేటప్పటికే నీకు తెలుసు. ఆ పళ్ళు తిన్నావు.

జోయా దేశంలో నోరు జారితే ఏమవుతుందో నీకు నాకన్నా బాగా తెలుసు, అలాంటి వాటి గురించే పత్రికలకి ఉత్తరాలు రాసేదానివి. ఆవిడ నాకు చుట్టం కాదు, పక్కం కాదు. ఆవిరి గదిలో తువ్వాలు చుట్టుకుని కూర్చుని నాకు ఒక్క మాట చెప్పింది. అదే మాట నువ్వు చెప్పలేదు. పైగా ఆవిడ మాట నేను నమ్మకపోవడానికి కారణం నువ్వే.

నియమం అంటున్నావు. ఆ గదిలో మిగిలిన ఐదారుగురికీ సర్కయోకిలో చుట్టం లేడు. ఇక్కడి రోడ్డు తెలీదు, మనిషి తెలీదు, అందుకని మా సంగతి తేల్చడానికి వాళ్ళు అర్హులయ్యారు. మా కుట్టు తెలిసినది, ఆ బూట్లు తొడుక్కుని చదువుకున్నది మాత్రం బయట నిలబడి ట్రాక్టరు చూసింది. ప్రభుత్వం కల్పించుకోకూడదని నీకు నమ్మకం కదా, ఆ రోజు నీ నమ్మకం నెరవేరింది.

మాట్లాడమని నిన్ను అడగలేదు వీర్పీ. పెట్టె తెరిస్తే చాలు. మూత తీసి నువ్వు బయటికి వెళ్ళిపోయినా మిగిలింది బూట్లే చెప్పుకునేవి.

గురువారం ఫ్యాక్టరీ మూస్తారు. నా మిషను మీద గుడ్డ కప్పి వస్తాను. నీకు ముందే తెలుసన్న సంగతి ఎవరితోనైనా ఏమని చెప్పాలో నాకు తెలీదు. అందుకని ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఐలి


హెల్సింకి, 8 మార్చి 1991

అక్కా,

జవాబు రాయడానికి నాకు మొహం లేదు. రాయకుండా ఉండలేను.

ఒక పని చేశాను. సీట్ల ఫ్యాక్టరీ డైరెక్టరుకి ఫోను చేశాను. ఆఫీసు ఫోను నించి, నా పేరూ హోదా చెప్పుకుని. నియమాలన్నీ పక్కన పెట్టడం జీవితంలో ఇదే మొదటిసారి. వాళ్ళకి ఒక్క చోటు ఖాళీ ఉంది, కుట్టు విభాగానికి పెద్దగా. నీకే ఇస్తామన్నారు. కాగితం నేరుగా నీకే వస్తుంది. దయచేసి ఎవరితోనూ అనకు, ముఖ్యంగా ఫోను సంగతి.

నీకోసం ఇదైనా చెయ్యనీ. అమ్మ పోయాక నన్ను నువ్వు పెంచిన దానికి ఇది ఏమూలకీ రాదని తెలుసు. వద్దనకు.

వీర్పి


సర్కయోకి, 17 మార్చి 1991

వీర్పీ,

ఎవరితోనూ అనకు అన్నావు. ఆ అవసరం రాలేదు. కాగితం పట్టుకుని ఫోర్‌మన్ తానే వచ్చాడు, ఇల్లు తెలీక కొట్లో అడిగాడు. "ఐలి గారిల్లు ఎక్కడ? హెల్సింకి నించి శాఖవాళ్ళు ఫోను చేశారు, ఆవిడకి చోటు ఉంచమని." కొట్లో అప్పుడు రౌహ ఉంది.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. రౌహ మా వంటింట్లోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "మమ్మల్ని ఆపి నీ ఒక్కదానికి చోటు ఉంచుకున్నావా? ముందే మాట్లాడుకున్నారా అక్కాచెల్లెళ్ళు?" అంది. ఇరవై రెండేళ్ళు నా పక్క మిషను మీద కూర్చున్న మనిషి. నేను ఏడ్వలేదు. ఏడిస్తే నిజమనుకుంటుంది.

సాయంత్రం అందర్నీ పిలిచాను. నీ ఉత్తరాలన్నీ తెచ్చి బల్ల మీద పెట్టాను. "చదవండి, నాకు ఏం తెలుసో ఇందులోనే ఉంది" అన్నాను. రౌహే గట్టిగా చదివింది, బూటు గురించి నువ్వు రాసిందీ, నిద్ర అలవాటు గురించి రాసిందీ, అన్నీ. నీ ఉత్తరాలు పదిమందిలో పెట్టాను. నీకు కోపం వస్తే రానీ.

నవంబరు ఉత్తరం రౌహ రెండుసార్లు చదివింది. చివరికి ఇర్మెలి అంది, "ఇందులో వెళ్ళమనే ఉంది ఐలీ. నువ్వు మమ్మల్ని మోసం చెయ్యలేదు. నీ చెల్లెలు ఎలా మాట్లాడుతుందో నీకు తెలుసనుకున్నావు, అంతే."

అంతకన్నా ఎవరైనా నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

ఆ ఉద్యోగం వద్దని రాసి పంపాను. పందొమ్మిది మందికి చోటున్న రోజు నువ్వు నోరు మూసుకున్నావు. ఒక్కదానికి మిగిలిన రోజు ఫోను ఎత్తావు. నువ్వు కల్పించుకోకుండా మమ్మల్ని ముంచావు, కల్పించుకుని నన్ను ముంచావు. ఈ రెంటికీ మధ్య అక్కనని ఒక్కసారైనా గుర్తొచ్చానా అని అడగను. గుర్తొచ్చే ఉంటాను. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

రౌహ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "మమ్మల్ని ఇందులోకి దింపింది నీ మాటే. బయటికి లాగేదీ నువ్వే. కూర్చుని రాయి" అంది. రాస్తాను. కానీ నీకు కాదు.

ఐలి


సర్కయోకి, 9 ఏప్రిల్ 1991

కార్యదర్శి వీర్పి కుయిస్మా గారికి,
పరిశ్రమల హామీ కమిటీ,
హెల్సింకి

అమ్మా,

విషయం: సర్కయోకి బూట్ల ఫ్యాక్టరీ కుట్టు విభాగం కార్మికుల కొత్త దరఖాస్తు.

దిగువ సంతకాలు చేసిన మేము పందొమ్మిది మందిమి, మూతబడిన ఫ్యాక్టరీలోని కుట్టు మిషన్లను అద్దెకు తీసుకుని సహకార సంఘంగా ఏర్పడ్డామని మీకు మనవి చేసుకుంటున్నాము. కొత్త నమూనా బూట్లను చూసిన ఇద్దరు వ్యాపారులు మాకు రాసిన ఉత్తరాల నకళ్ళు జతపరిచాము. జూన్ వరకు హామీ లభిస్తే పని మొదలుపెట్టగలము.

ఇదివరకు పంపిన పది జతల పెట్టె మీ కార్యాలయంలో గోడ వారన ఉన్నట్టు మాకు తెలిసింది. దానిని వెనక్కి పంపవద్దని, ఈ దరఖాస్తు చర్చకు వచ్చిన రోజు కమిటీ సభ్యుల ఎదుట తెరవాలని కోరుతున్నాము. దరఖాస్తు సారాంశాన్ని కార్యదర్శిగా మీరే స్వయంగా చదివి వినిపించవలసిందిగా కూడా కోరుతున్నాము.

బంధుత్వానికి సంబంధించిన నియమం మాకు తెలుసు. మొదటి సంతకం చేసిన నేను మీకు ఏమీ కానని, మన మధ్య ఎటువంటి రాకపోకలూ ఉత్తర ప్రత్యుత్తరాలూ లేవని, ఇకపై ఉండబోవని మిగిలిన పద్దెనిమిది మంది సాక్షిగా ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

కాబట్టి ఈసారి మీరు గదిలోనే కూర్చోవచ్చు.

ఇట్లు,
ఐలి హూర్మే
మరియు పద్దెనిమిది మంది